దీపలక్ష్మి ముఖం

విజయనగరం,
9-1-1968

అక్కా,

పెద్దమ్మగారు పోయారు. నెలగంట పెట్టిన దగ్గర్నుంచీ ఆవిడ మంచం దిగలేదు. స్కూలు జీతం కట్టి ఆవిడ చదివించబట్టే మన కంచరి వీధి వాణ్ణి ఈ దివాణంలో గుమాస్తానయ్యాను. పెద్దకర్మ రోజున అందరూ భోజనాలకు లేచాక నేను ఆ ఖాళీ మంచం దగ్గర కాసేపు కూర్చున్నాను. నాకు తినబుద్ధి కాలేదు.

కొడుకు చినబాబుగారు మద్రాసు నుంచి వచ్చి ఉన్నారు. ఇల్లు అమ్మేస్తారట. ఇంట్లో సామానంతా వేలం వేయిస్తారట. మద్రాసు నుంచి వేలం కంపెనీ మనుషులు అప్పుడే దిగారు. జమీ పోయినప్పుడు కూడా ఈ ఇంటి గోడలు ఇంత బోసిగా కనపడలేదు. దంతపు చదరంగం, వెండి తమలపాకుల పెట్టెలు, అద్దాల దీపాల గుత్తులు, పెద్దమ్మగారు వాయించే వీణ, కెంపుల కంటె అన్నీ హాల్లోకి తెచ్చి వరసగా పెట్టి, ఒక్కోదానికీ దారంతో చీటీ కడుతున్నారు. వీణ మెడకు చీటీ కడుతుంటే తీగ తగిలి ఒకసారి మోగింది. పనివాళ్ళందరం అటు తిరిగి చూశాం.

నిన్న పూజగది ఖాళీ చేశారు. దీపలక్ష్మి బయటికి వచ్చింది, దోసిట్లో ప్రమిదతో బావ ఇత్తడిలో పోసిన దీపలక్ష్మే. మసి పట్టి నల్లగా ఉంది. నేనే చింతపండు తెచ్చి తోమాను. ముఖాన్ని మాత్రం చింతపండుతో రుద్దలేదు. మెత్తని గుడ్డతో తుడిచి ఊరుకున్నాను.

ఇది నీకు రాయాలా వద్దా అని రెండు కార్డులు చింపేసి ఈ కవరు మొదలుపెట్టాను. బావకు చదివి వినిపించాలో లేదో నువ్వే చూసుకో.

నీ తమ్ముడు,
జగన్నాధం

*

బుడితి,
20-1-1968

తమ్ముడూ,

వినిపించాలో లేదో చూసుకోమన్నావు. ఇద్దరమే ఉండే ఇంట్లో ఉత్తరం ఎక్కడ దాచమంటావు? పోస్టు సోములు వీధి మొదట్లోంచే కేకేసుకుంటూ వస్తాడు. మీ బావ పెరట్లో చెంబుకి అతుకు వేస్తున్నాడు. "ఏటే, ఏటి రాసేడు జగన్నాధం?" అని అడిగాడు. చదివాను. దీపలక్ష్మి అన్న మాట దగ్గర చేతిలో చెంబు కింద పెట్టేశాడు.

"మన గుంట ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాదేటి?" అన్నాడు.

పెద్దమ్మగారు దీపలక్ష్మి కావాలని కబురు పెట్టిన ఏడు నీకు గుర్తుండే ఉంటుంది. మా పిల్ల చిన్నతల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మైనంతో ముఖం దిద్దాడు. అది కుదురుగా కూర్చునేదా? బెల్లం ముక్క ఇస్తే కూర్చునేది, అయిపోగానే లేచిపోయేది. పోత పోసిన రోజున నువ్వు సెలవులకి వచ్చి ఉన్నావు. తిత్తి ఊదింది నువ్వే. మూస పగలగొట్టి బొమ్మని బయటికి తీస్తే, "నాకు ముక్కెర ఎందుకు పెట్టలేదు నాన్నా" అని అది అలిగింది. మరుసటేడు వేసవిలో దానికి అమ్మవారు పోసింది.

నీకొక సంగతి చెప్పాలి. నేనిది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మీ బావకి దాని ముఖం గుర్తు రావటం లేదు. కడసారి చూసిన ముఖమే, ఆ పొక్కుల ముఖమే కళ్ళకి అంటుకుపోయింది. దాని వెనకాల ఉన్న అసలు ముఖం కనపడటం లేదంటాడు. ఎన్నోసార్లు మైనం ముద్ద పట్టుకుని కూర్చున్నాడు. ముక్కు కుదిరితే పెదవి కుదరదు. మళ్ళీ ముద్ద చేసేస్తాడు. మనకి ఫోటోలు తీయించుకునే అలవాటు ఎక్కడిది? నాకూ తేటగా రాదు. నవ్వు గుర్తుంది. జడ గుర్తుంది. ముఖం అడిగితే చెప్పలేను.

రాత్రి అన్నం దగ్గర అన్నాడు: "ఆ బొమ్మని ఓసారి సూస్తే సాలు. మళ్ళీ పోసీగలను. ఇచ్చీమని మీ తమ్ముణ్ణి అడగే. ఇత్తడి తూకానికి ఎంతయితే అంత ఇచ్చీద్దాం."

మీ బావ ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదని నీకు తెలుసు. ఈ వీధిలో సగం కొలుములు చల్లారిపోయి, జనం స్టీలు గిన్నెలు కొనుక్కుంటుంటే కూడా, ఒకరి గుమ్మంలో నిలబడి పని అడగలేదు. అలాంటివాడు అడిగాడు. నేనూ అడుగుతున్నాను.

అక్క,
నారాయణమ్మ

*

విజయనగరం,
2-2-1968

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని చినబాబుగారి దగ్గరికి రోజూ వెళ్ళటం, చెప్పలేక తిరిగి రావటం. నిన్న ఆయన కాఫీ తాగుతూ సరదాగా ఉన్నారు. చెప్పేశాను. ఆ దీపలక్ష్మి మా బావ అప్పలసూరి పోసింది, మాకు దానితో ఇలా ఒక సంబంధం ఉంది అని.

"మీ బావ చేసిందా? ఇత్తడి బొమ్మే కదయ్యా. తూకం వేయించుకుని తీసుకుపో. మా అమ్మ ఉంటే ఊరికే ఇచ్చి ఉండేది" అన్నారు.

తీసుకెళ్ళి స్టోరుగదిలో నా బీరువా పక్కన పెట్టుకున్నాను. చీటీ కట్టనివ్వలేదు. ఈ హడావిడి అయ్యాక నేనే తీసుకుని వస్తాను. రైల్లో ఎవరి కాళ్ళ దగ్గరా పెట్టను, ఒళ్ళో పెట్టుకుని తెస్తాను. బావతో చెప్పు.

జగన్నాధం

*

బుడితి,
14-2-1968

నా తండ్రీ, నా తమ్ముడూ,

నీ కడుపు చల్లగా ఉండాలి. నీ ఉత్తరం మీ బావ నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత పక్కింటి మరిడమ్మ వస్తే మళ్ళీ ఆవిడ కోసమని చదివించాడు. వీధిలో అందరికీ చెప్పేశాడు. ఎప్పుడూ మాట్లాడని మనిషి మాట్లాడుతుంటే చూడటానికి వింతగా ఉంది.

పనసచెక్క తెచ్చి పీట చేస్తున్నాడు. వడ్రంగికి ఇమ్మంటే వినలేదు. నడవాలో ఉత్తరపు గోడ దగ్గర చోటు చూశాడు. అక్కడ వాన జల్లు పడుతుందని తూర్పుకి మార్చాడు. అక్కడ పొద్దుటి ఎండ పడుతుందని మళ్ళీ ఆలోచన. "బొమ్మకి ఎండేం చేస్తుంది?" అన్నాను. నవ్వాడు గానీ పీట మాత్రం నీడకి జరిపాడు.

దీపం రోజూ నేను పెడతానంటే వద్దన్నాడు. "నూనె పొయ్యకే. సేతులు కాల్తాయి దానికి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇది మంచి ఏడుపే తమ్ముడూ, భయపడకు.

ఒక మాట రాయనా? అది బతికుంటే నీకే ఇచ్చి చేద్దామని మేమిద్దరం అనుకునేవాళ్ళం. నీ పెళ్ళయింది, నీ సంసారం నీది, ఇప్పుడు అనకూడదు. కానీ నువ్వే దాన్ని ఇంటికి తెస్తున్నావంటే నాకు ఆ మాటే తోచింది.

ఎప్పుడొస్తావో ముందుగా కార్డు రాయి. మీ బావ నరసన్నపేట బస్సు దగ్గరకి ఎదురొస్తాడట.

నారాయణమ్మ

*

విజయనగరం,
11-3-1968

అక్కకు,

పని ఒత్తిడిలో ఉత్తరం ఆలస్యమైంది. ఇక్కడ అందరం కులాసా.

కలకత్తా నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. పాత వస్తువులు కొని విదేశాల వాళ్ళకు అమ్మే ఆసామీ. రెండు రోజులు ఇల్లంతా తిరిగి చూశారు. ఆయన వచ్చాక వేలం పెద్దదయింది. ఏప్రిల్లో పెడతారట.

దీపలక్ష్మి విషయం కొంచెం ఆలస్యమయ్యేలా ఉంది. కంగారు పడవద్దు. బావను ఇప్పుడే రావద్దని చెప్పు. ఎండలు కూడా ముదురుతున్నాయి.

చినబాబుగారు నన్ను మద్రాసులో తన కంపెనీలోకి తీసుకుంటామంటున్నారు. ఇల్లు అమ్మాక ఇక్కడ నాకు పని ఉండదు గదా. ఏమవుతుందో చూడాలి.

జగన్నాధం

*

బుడితి,
20-3-1968

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. "ఆలస్యమైతే ఏటి, ఇన్నేళ్ళు ఆగలేదా" అన్నాడు. పీటకి నూనె రాస్తూ కూర్చున్నాడు.

నిన్న కూర్మయ్య మాస్టారు నరసన్నపేట నుంచి పేపరు పట్టుకొచ్చారు. అందులో మీ దివాణం వేలం గురించి పడింది. ఫోటో కూడా వేశారు. మన దీపలక్ష్మే. అచ్చు మసకగా ఉండి ముఖం ఒక మచ్చలా ఉంది గానీ, నిలబడిన తీరు మనదే. దాని కింద ఏం రాశారో మాస్టారు చదివారు. మూడు వందల ఏళ్ళ నాటిదట. కళింగ శిల్పుల పనితనమట. చేసినవాడి పేరు కాలగర్భంలో కలిసిపోయిందట.

మీ బావ మొదట నవ్వాడు. "అయితే నాను సచ్చిపోయి మూడొందలేళ్ళయింది కాబోలు" అన్నాడు. మాస్టారు కూడా నవ్వారు. ఆయన వెళ్ళాక మీ బావ నవ్వు ఆగిపోయింది. "ఏటే, దాన్ని అమ్మీస్తారా?" అని అడిగాడు.

నీకు తెలుసా ఇది? తెలిసే నాకు రాయలేదా? పెద్దమ్మగారు పోయారు, ఆ బొమ్మ పోస్తుంటే కళ్ళారా చూసినవాళ్ళం ముగ్గురమే మిగిలాం. మేము చెబితే ఎవరూ వినరు. నువ్వు ఆ ఇంటి మనిషివి, చదువుకున్నవాడివి, ఆ రోజు తిత్తి ఊదినవాడివి. నువ్వొక్క మాట చెబితే అయిపోతుంది గదా. అది పాతది కాదని తెలిస్తే కలకత్తా ఆసామీకి అక్కర్లేదు. మనకి కావాలి. ఇందులో ఎవరికి నష్టం?

వెంటనే రాయి.

నారాయణమ్మ

*

విజయనగరం,
27-3-1968

అక్కా,

నువ్వు అనుకున్నంత తేలిక కాదు.

వేలం పుస్తకం అచ్చయి ఊళ్ళన్నిటికీ వెళ్ళిపోయింది. మొదటి పేజీలో దీపలక్ష్మినే వేశారు. దాన్ని చూసే బొంబాయి నుంచి, కలకత్తా నుంచి మనుషులు వస్తున్నారు. ఇప్పుడు అది నిన్నమొన్నటి పోత అని నేను నోరు విప్పితే, ఆ ఒక్క బొమ్మతో పోదు. దంతపు చదరంగం పాతదేనా, కెంపులు అసలువేనా అని ప్రతి వస్తువునీ అనుమానిస్తారు. వేలమే ఆగిపోతుంది. చినబాబుగారు మాట తప్పారు, నిజమే. "జగన్నాధం, మీ బావ చేత ఇలాంటివి ఇంకో రెండు చేయించుకో, ఇది మాత్రం అడక్కు" అన్నారు. ఆయనకి నేనేం చెప్పగలను? ఆయన తిండి తింటున్నాను.

బావను ఇక్కడికి రానివ్వకు. వచ్చి లాభం లేదు. నా మీద ప్రేమ ఉంటే రానివ్వకు. ఆయన ఆ హాల్లో నిలబడటం నేను చూడలేను.

బావ బతికి ఉన్నాడు, చెయ్యి ఉంది, మళ్ళీ పోయగలడు. ఆ మాట చెప్పి ఓదార్చు.

జగన్నాధం

*

బుడితి,
5-4-1968

తమ్ముడికి,

మీ బావ వేలానికి బయలుదేరుతున్నాడు. ఆపలేకపోయాను. నీ ఉత్తరంలో సగమే ఆయనకి చదివాను. "మళ్ళీ పోయగలడు" అన్న ముక్క చదవలేదు.

"దెబ్బలాటకి కాదే. సూసి వస్తాను. అమ్మీసే ముందు దగ్గరగా ఓసారి సూడనిస్తారు కదా. అందరూ సూస్తారంట కదా" అన్నాడు. ఉతికిన పంచె తీసి పెట్టుకున్నాడు. వేలం రోజు పొద్దుటే ఆమదాలవలసలో రైలెక్కుతాడు.

ఆయనకి ఊరు కొత్త. నువ్వు స్టేషనుకి వెళ్ళు. ఇంటికి తీసుకెళ్ళి ఇంత అన్నం పెట్టు. చినబాబుగారితో నీ ఇబ్బంది నాకు అర్థమైంది, నేను నిన్ను ఏమీ అనను. ఆ ముఖం మాత్రం ఆయన కళ్ళారా చూసేలా చెయ్యి. ఆ కాసేపు పక్కన నిలబడు. అంతకన్నా నిన్నేమీ అడగను.

నారాయణమ్మ

*

విజయనగరం,
12-4-1968

అక్కకు,

వేలం జరిగిపోయింది. జనం విపరీతం. దీపలక్ష్మిని కలకత్తా ఆయనే పాడుకున్నారు.

బావ వచ్చాడు. నీ ఉత్తరం నాకు ఆలస్యంగా అందటం వల్ల స్టేషనుకి వెళ్ళలేకపోయాను. హాల్లో చూశాను. బొమ్మని దగ్గరగానే చూశాడు. రద్దీలో మాట్లాడే వీలు చిక్కలేదు. నేను బయటికి వచ్చేసరికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పాసింజరుకి ఎక్కి ఉంటాడు. క్షేమంగా చేరి ఉంటాడని తలుస్తాను.

ఇంకా సామాను అప్పగింతలు ఉన్నాయి. తర్వాత వివరంగా రాస్తాను.

జగన్నాధం

*

బుడితి,
24-4-1968

జగన్నాధం,

మీ బావ పాసింజరులో రాలేదు. నేను ఎదురుచూసి ఎదురుచూసి, మాస్టార్ని నీ దగ్గరికి పంపుదామనుకుంటుండగా వచ్చాడు. దారిలో దిగిపోయి అరసవల్లిలో సత్రం అరుగు మీద పడుకున్నాడట. ఎన్నాళ్ళున్నాడో ఆయనకే తెలీదు. గుళ్ళో పెట్టింది తిన్నాడట. గడ్డం మాసి, పంచె మట్టికొట్టుకుపోయి వచ్చాడు. రెండు రోజులు పడుకునే ఉన్నాడు. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నువ్వు రాయనిదంతా నేను రాస్తున్నాను. తప్పయితే దిద్దు.

ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద దాన్ని పెట్టారు. చుట్టూ కుర్చీలు. ఈయన వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అంత దూరం నుంచి ముఖం ఆనలేదు. పాట మొదలైంది. చెక్క సుత్తి పట్టుకున్నాయన మూడు వందల ఏళ్ళ సంగతి చెబుతున్నాడు. మీ బావ గొడవకి వెళ్ళలేదు. ఆయనకే తెలీకుండా నోట్లోంచి మాట వచ్చేసిందట.

"బాబూ, అది అంత పాతది కాదు. నాను పోసీనది. అది నా కూతురు ముఖం."

పాట ఆగిపోయింది. ఎవరో నవ్వారు. చినబాబుగారు నీ వైపు చూశారు. నువ్వు లేచి నిలబడ్డావు. నిన్ను చూడగానే మీ బావకి ధైర్యం వచ్చిందట. "అదిగో మా బావమరిది ఉన్నాడు, ఆడినడగండి" అన్నాడట.

అప్పుడు నువ్వేమన్నావో ఆయన నాకు ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాడు. "ఈయన మా అక్క భర్తే. కూతురు పోయిన దగ్గర్నుంచీ మతి స్థిమితం లేదు. ఏ ఇత్తడి బొమ్మను చూసినా కూతురే అంటాడు. ఏమీ అనుకోకండి."

ఒరే, "ఈయనెవరో నేనెరగను" అని ఉంటే నేను క్షమించేదాన్ని. దూరం నెట్టేశాడనుకునేదాన్ని. నువ్వు మా చిన్నతల్లి చావుని పట్టుకొచ్చి ఆయన నోరు మూశావు. ఆ మాట బయటివాడు అనలేడు. ఇంటివాడే అనగలడు.

అందరిలోకీ ఆ కలకత్తా ఆయనే మంచివాడు. పాపం, దగ్గరికి వచ్చి చూసుకోనివ్వండి అన్నాడట. దారి ఇచ్చారు. మీ బావ బల్ల దగ్గరికి వెళ్ళి ముఖంలో ముఖం పెట్టి చూశాడు. ఎంతసేపో చూశాడు. "కాదు బాబూ, తప్పయిపోయింది" అని దండం పెట్టి బయటికి వచ్చేశాడు.

నీ ఉద్యోగం పోకూడదని అలా అన్నాడనుకున్నాను. నువ్వూ అలాగే అనుకుని ఉంటావు. అదే అడిగాను. మీ బావ తల అడ్డంగా ఊపాడు.

"ఆడి కోసం కాదే. నాకు నిజంగానే తెలీలేదు. సూసీను, సూసీను. అది మన గుంటో కాదో నాకు తెలీలేదు. బాగున్నాది ఆ బొమ్మ. కానీ మన గుంట ఇలగే ఉండీదా అంటే ఏటి సెప్పను? జగన్నాధం అన్నదే నిజమేమో. నాకు మతి లేదేమో."

ఇప్పుడు ఈ ఇంట్లో ఆ మాటే తిరుగుతోంది. కొలిమి దగ్గర కూర్చుంటాడు, నిప్పు వెయ్యడు. నాలుగు రోజులు అలా కూర్చుని, ఇక్కడ ఉంటే తలలో మోత ఆగటం లేదని చెప్పి, నౌపడ ఉప్పుమళ్ళలో కూలికి పోయాడు. పోసిన చెయ్యి అది. ఉప్పు లాగుతోంది.

నీకు నేను శాపనార్థాలు పెట్టను. ఒక్కటి చెప్పు. ఇద్దరి ముఖాలూ గుర్తున్నవాడివి నువ్వొక్కడివే. బొమ్మని నెలల తరబడి దగ్గర పెట్టుకున్నావు, పిల్లని ఎత్తుకుని తిప్పావు. అది చిన్నతల్లేనా కాదా? ఈసారైనా నిజం రాయి.

నారాయణమ్మ

*

విజయనగరం,
3-5-1968

అక్కా,

అది చిన్నతల్లే.

ఎడమ కనుబొమ మీద పైకి లేచిన చిన్న వెంట్రుకల గీత కూడా బావ మైనంలో దిద్దాడు. కింది పెదవి కొంచెం ముందుకి ఉంటుంది, బెల్లం అయిపోయిందని అలిగినట్టు. స్టోరుగదిలో ఉన్నన్నాళ్ళూ నేను రోజూ తలుపు వేసుకుని దాన్ని చూస్తూ కూర్చునేవాణ్ణి. దాన్ని నాకే ఇద్దామనుకునేవాళ్ళమని నువ్వు రాశావు. నేను కూడా అనుకునేవాణ్ణి అక్కా. ఎవరికీ చెప్పలేదు. అంత దగ్గర మనిషినే నేను అలా అన్నాను.

ఎలా జరిగిందో రాస్తాను. నన్ను సమర్థించుకోవటానికి కాదు. కలకత్తా ఆయన వచ్చిన రోజున స్టోరుగదిలోకి తొంగిచూసి, ఇది ఎప్పటిది అని అడిగారు. చినబాబుగారు, "మా ముత్తాతల నాటిది. ఏం జగన్నాధం?" అని నా వైపు చూశారు. "అవునండీ" అన్నాను. ఆలోచించి అనలేదు. ఆయన ఏమడిగినా "అవునండీ" అనటం నాకు అలవాటు. ఆ ఒక్క మాట అన్నాక, ప్రతివాడూ వచ్చి నన్నే అడిగేవాడు. ప్రతివాడికీ "అవునండీ" అనే చెప్పాను. హాల్లో బావ నా వైపు చెయ్యి చూపించేసరికి, అప్పటిదాకా చెప్పిందంతా అబద్ధమని అందరి ముందూ ఒప్పుకోవాలి. మోసం కేసు పెడతారేమోనని భయపడ్డాను. ఏదో ఒకటి అనాలి. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో, అంత తయారుగా ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

నీ ఉత్తరం ఆలస్యంగా అందిందని రాశాను. అది కూడా నిజం కాదు. ముందురోజే అందింది. స్టేషనుకి బయలుదేరి, గంటస్తంభం దాకా వచ్చి, వెనక్కి తిరిగాను.

చినబాబుగారు వెళ్ళిపోయారు. నన్ను మద్రాసు తీసుకెళ్ళలేదు. "మీ వాళ్ళతో మళ్ళీ గొడవలెందుకు" అన్నారు. ఇల్లు కొన్నవాళ్ళకి తాళాలు ఇచ్చేశాను. ఇప్పుడు పని లేదు.

దీపలక్ష్మి కలకత్తా నుంచి ఓడ ఎక్కేసిందట. ఏ దేశమో అడిగాను, చెప్పలేదు. వేలం పుస్తకం కోసం తీసిన ఫోటో ఒకటి సంపాదించాను. పేపర్లో పడినట్టు మసకగా లేదు. ముఖం తేటగా ఉంది. దీనితో పెడుతున్నాను. బావకు చూపించు. ఇది చిన్నతల్లేనని, నేను చెప్పానని చెప్పు. నా మాట ఆయన ఇంకా నమ్మితే, ఆయనకి మతి బాగానే ఉందని, అబద్ధం చెప్పింది నేనని చెప్పు. ఇది చూసి మళ్ళీ మైనం పట్టుకుంటే చాలు. నేను వచ్చి తిత్తి ఊదుతాను.

వచ్చి కాళ్ళ మీద పడాలని ఉంది. రమ్మంటే వస్తాను.

జగన్నాధం

*

బుడితి,
19-5-1968

జగన్నాధం,

ఫోటో అందింది. కవరు చింపి, దాన్ని చూసి, నేను నడవాలో నేల మీద కూలబడిపోయాను. అదే. కనుబొమతో సహా అదే. ఇన్నేళ్ళూ నాకు రాని ముఖం ఒక్కసారిగా వచ్చేసింది. మరిడమ్మ పరిగెత్తుకొచ్చి నీళ్ళు చల్లింది.

మరునాడే నౌపడ వెళ్ళాను. రైలు కట్ట దిగి ఉప్పుమళ్ళ మధ్య చాలా దూరం నడవాలి. కళ్ళు తెరవలేనంత తెలుపు. మీ బావ మోకాళ్ళ కింద దాకా ఉప్పునీళ్ళలో నిలబడి చెక్కతో ఉప్పు లాగుతున్నాడు. నన్ను చూసి గట్టు మీదికి వచ్చాడు. పాదాలు పగిలి రక్తం కారుతోంది. "ఎండన పడొచ్చీవేటి, కబురంపితే నాను రానా?" అన్నాడు.

చేతులు కడుక్కోమన్నాను. కడుక్కుని తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఫోటో చేతిలో పెట్టాను. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. తిప్పి చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఎవల పిల్లే? బాగున్నాది" అన్నాడు.

"మన చిన్నతల్లి" అన్నాను. "నువ్వు పోసిన బొమ్మ. జగన్నాధం పంపాడు. అది మన పిల్లేనని, నీకు మతి బాగానే ఉందని, అబద్ధమాడింది తనేనని రాశాడు."

"అలగా" అన్నాడు. ఫోటో జాగ్రత్తగా నా చేతికి ఇచ్చేశాడు. తడి తగలకుండా అంచు పట్టుకుని ఇచ్చాడు.

"సరిగ్గా చూడు. కనుబొమ చూడు" అన్నాను.

"సూసీనే. నువ్వు సెప్తే అదే అయ్యుంటాది. నాకు మాత్రం తెలీట్లేదు. తెలిసినట్టు నటించమంటావేటి?"

నేను అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. నీ నిజం వచ్చింది గానీ, దాన్ని అందుకునే చోటు ఆయనలో మిగల్లేదు. నువ్వు హాల్లో అన్న మాట ఆయన నమ్మాడు. ఎదురు చెప్పకుండా నమ్మాడు. తనకన్నా చదువుకున్నవాడివి నువ్వు, అబద్ధం ఎందుకు ఆడతావు అనుకున్నాడు. ఇప్పుడు ఎవరు ఏ ఫోటో తెచ్చినా తన కళ్ళని తను నమ్మడు.

మేస్త్రీ కేకేస్తున్నాడు. వెళ్ళబోతూ ఆగి నీ గురించి అడిగాడు. పని పోయిందని చెప్పాను.

"అయ్యో, పిల్లలు గలోడు" అన్నాడు. "ఇక్కడ లెక్కలు రాసీవోడు కావాలంతన్నారు. ఆడు సదువుకున్నోడు. మేస్త్రీతో నాను సెప్తాను. బేగి రమ్మని రాయే. మన కొట్టంలోనే ఉండొచ్చు, ఇంత గెంజి నువ్వు కాస్తావు కదా."

నేనూ నౌపడ వెళ్ళిపోతున్నాను. ఆయన్ని అక్కడ ఒక్కణ్ణీ వదలలేను. కొలిమి సామాను పర్లాకిమిడి వర్తకుడు కొనుక్కుపోయాడు. ఇల్లు మరిడమ్మ చూస్తుంది. ఫోటో నా పెట్టెలో చీర మడతలో పెట్టుకున్నాను. ఆయనకి మళ్ళీ చూపించను. నాకు ఒక్కదానికే అది కూతురు.

ఆయన రాయమన్నాడు కాబట్టి ఆ ఉద్యోగం సంగతి రాశాను. నువ్వు మాత్రం రావద్దు. నువ్వు వస్తే ఆయన కోపపడడు. రైలు దగ్గరకి ఎదురొస్తాడు, నీ పెట్టె తను మోస్తాడు, నీకు తన చాప వేస్తాడు. అది నేను చూడలేను.

నారాయణమ్మ